రంగు తర్వాత చూద్దాం... ముందు ఫినిష్ తేల్చండి!

హాలుకు పెయింట్ వేయిద్దామనుకున్నారు. చాలా మంచి ఆలోచన. మరి మొదట ఏం చేస్తారు?

షేడ్ కార్డ్ తెస్తారు. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరతారు. ఒకరు క్రీమ్ అంటారు. ఇంకొకరు లేత బూడిద రంగంటారు. పిల్లలు నీలమే కావాలని పేచీ పెడతారు. వారాల తరబడి చర్చ నడుస్తుంది. చివరికి ఒక రంగు ఖాయమవుతుంది.

అప్పుడు పెయింటర్ వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. "మ్యాటా, సిల్కా?"

మీరు తడుముకుంటారు. "నువ్వే చూడు భాయ్, ఏది బాగుంటే అది వేసెయ్" అంటారు.

అక్కడ ఆగండి! కాగితం చదవకుండా సంతకం పెట్టినట్టే ఇది.

మరక తుడిస్తే పోతుందా? గోడ గతుకులు బయటపడతాయా? సాయంత్రం లైటు వేస్తే గోడ కళ్లలోకి కొడుతుందా? రెండేళ్ల తర్వాత కూడా హాలు హాలులా ఉంటుందా? వీటిలో చాలావరకు తేల్చేది ఫినిష్. దాన్నే మీరు పక్కవాళ్ల చేతిలో పెట్టేశారు.

ఈ అలవాటు గోడ దగ్గరే ఆగదు. పాలసీ తీసుకునేటప్పుడు, ఊళ్లో స్థలం కొనేటప్పుడు, పిల్లల స్కూలు మార్చేటప్పుడు కూడా పైపై విషయాల మీద గంటలు గంటలు మాట్లాడతాం. అసలు ప్రశ్న వచ్చేసరికి "మీరే చెప్పండి" అనేస్తాం. అందుకే హాలు గోడను ఒక ప్రాక్టీస్‌గా తీసుకుందాం. ఇక్కడ సొంతంగా చూసి, పరీక్షించి, తేల్చుకోవడం వచ్చిందంటే ఆ ధైర్యం మిగతాచోట్లకూ వస్తుంది. మీరు మారగలరు. ఈ వారమే మొదలుపెట్టగలరు.

ముందు విషయం తెలుసుకోండి

తెలియని విషయంలో ఎవరూ గట్టిగా నిర్ణయం తీసుకోలేరు. కాబట్టి ఐదు నిమిషాలు కేటాయించండి.

పెయింట్‌లో ముఖ్యంగా ఉండేవి మూడు. రంగునీ మందాన్నీ ఇచ్చే పొడి. ఆ పొడిని గోడకు పట్టి ఉంచే బైండర్. ఆరాక ఎగిరిపోయే నీళ్లు లేదా థిన్నర్. బైండర్ వాటా పెరిగితే పొర నున్నగా, గట్టిగా వస్తుంది. వెలుతురు సూటిగా తిరిగొస్తుంది కాబట్టి గోడ మెరుస్తుంది. పొడి వాటా పెరిగితే పైపొర సన్నగా గరుకుదేలుతుంది. వెలుతురు నలుదిక్కులా చెదిరిపోతుంది. మెరుపు ఉండదు.

ఇంతే. ఈ ఒక్క సూత్రం నుంచే ఫినిష్‌లన్నీ పుట్టాయి.

- మ్యాట్: మెరుపు దాదాపు లేదు. చూపుకు మెత్తగా ఉంటుంది. గోడ లోపాల్ని బాగా దాస్తుంది. తర్వాత చిన్న టచప్ వేసినా అంతగా తెలియదు. కానీ మామూలు మ్యాట్‌కు మరక పడితే వదలదు. గట్టిగా రుద్దితే ఆ చోటు మాత్రం మెరిసి మచ్చలా కనిపిస్తుంది.
- ఎగ్‌షెల్: మ్యాట్ కంటే ఒక మెట్టు పైన. ఎదురుగా చూస్తే మ్యాట్‌లాగే ఉంటుంది. పక్కనుంచి చూస్తే చిన్న మెరుపు తెలుస్తుంది.
- సిల్క్, శాటిన్: మెరుపు స్పష్టంగా కనిపిస్తుంది. తడిగుడ్డకు తట్టుకుంటుంది. లప్పం పని సరిగ్గా లేకపోతే మాత్రం ప్రతి గతుకూ బయటపడుతుంది. టచప్ వేస్తే అతుకు కనిపిస్తుంది.
- సెమీ గ్లాసీ: తలుపులకు, కిటికీ ఫ్రేములకు, స్కర్టింగ్‌కు సరిపోతుంది.
- హై గ్లాసీ: గేట్లు, గ్రిల్స్, చెక్క పని. హాలు గోడ మొత్తానికి వద్దు.

ఇప్పుడు ఇంకో మాట. ఈ పేర్లను నమ్మి ఊరుకోవద్దు. ఒక కంపెనీ సిల్క్ అన్నదాన్ని ఇంకో కంపెనీ శాటిన్ అనొచ్చు. అందుకే డేటా షీట్ అడగండి. యూరప్‌లో ఈఎన్ 13300 అనే ప్రమాణం ఉంది. అది లోపలి గోడల పెయింట్లను మెరుపును బట్టి నాలుగు స్థాయిలుగా విడదీస్తుంది. తడిగా రుద్దితే ఎంత తట్టుకుంటుందో 1 నుంచి 5 వరకు క్లాసులుగా చెబుతుంది. క్లాస్ 1 అన్నిటికంటే గట్టిది. 200 సార్లు తడిగా రుద్దినా పొర 5 మైక్రాన్లలోపే అరగాలి. అదే క్లాస్ 3 అయితే 20 నుంచి 70 మైక్రాన్ల దాకా అరగొచ్చు.

ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు. షాపులో మీరు మాట్లాడే తీరే మారిపోతుంది. "మంచి పెయింట్ ఇవ్వండి" అనరు. "మ్యాట్ కావాలి, రుద్దితే తట్టుకునే క్లాస్ 1 ఉందా?" అంటారు. అటువైపు మనిషి సర్దుకుని నిలబడతాడు!

కువైట్‌లో ఉన్నామని మర్చిపోవద్దు

ఫినిష్‌ను పుస్తకంలో చూసి ఎంచుకోకూడదు. మీరున్న చోటును చూసి ఎంచుకోవాలి.

కువైట్ ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది కూడా. ఇక దుమ్ము. 2022 మేలో దుమ్ము తుఫాన్లకు ఎయిర్‌పోర్టులో విమానాలనే కాసేపు ఆపేశారు.

ఈ రెండూ కలిసి మీ హాలు మీద ఏం చేస్తాయి? ఏడాదిలో ఎక్కువ కాలం కిటికీలు మూసే ఉంటాయి. ఏసీ తిరుగుతూనే ఉంటుంది. ఎంత మూసినా సన్నటి ధూళి సందుల్లోంచి వస్తుంది. ఒకసారి మీ ఏసీ గాలి వచ్చే గ్రిల్ చుట్టూ చూడండి. గోడ మీద నల్లటి చారలు కనిపిస్తాయి. మీ హాలుకు అన్నిటికంటే పెద్ద పరీక్ష అక్కడే ఉంది.

ఈ ధూళికి ఒక గుణం ఉంది. పొడిగా ఉన్నప్పుడు దులిపితే పోతుంది. తడిగుడ్డ పెట్టారో, బురదై గోడలోకి రుద్దుకుంటుంది. గరుకుగా ఉండే చవక మ్యాట్ మీద, టెక్స్‌చర్ డిజైన్ల మీద అది గట్టిగా పట్టేస్తుంది. నున్నటి పొర మీద తేలిగ్గా వదులుతుంది.

సముద్రం దగ్గర్లో, సాల్మియా, మంగాఫ్, ఫహాహీల్ వైపు ఉండేవాళ్లకు ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఉక్కపోత తోడవుతుంది. బయట తేమ, లోపల ఏసీ చలి. కిటికీ మూలల్లో, ఏసీ పక్కన చెమ్మ చేరే అవకాశం ఉంది. అక్కడ చెమ్మను పీల్చుకునే చవక పెయింట్ వేస్తే ఫంగస్ పడుతుంది.

మరి మన హాలు ఎలాంటిది? నిజాయితీగా చూసుకోండి. అబ్బాసియాలోనో, ఫర్వానియాలోనో రెండు గదుల ఫ్లాట్ అనుకుందాం. ఆ హాల్లోనే సోఫా ఉంటుంది. ఆ హాల్లోనే పిల్లల హోంవర్క్. ఓ మూల దేవుడి పటం, దీపం, అగరబత్తి. వంటింటికి తలుపు లేకపోతే తిరగమోత పొగ కూడా అక్కడికే వస్తుంది. సోఫాలో తల ఆనించే చోట గోడ మీద గుండ్రంగా నూనె మరక. ఇది బతికే హాలు. ఇంత పని చేసే గోడకు తగిన ఫినిష్ కావాలి.

ఐదు అడుగులు వేయండి

అడుగు 1: మీ రోజును గమనించండి

ఒక కాగితం తీసుకోండి. ఫోన్‌లో వద్దు, చేత్తో రాయండి. చేత్తో రాస్తే మనసు నిలుస్తుంది. ఈ ప్రశ్నలకు జవాబు రాయండి.

1. ఈ హాల్లో రోజూ ఎంతమంది, ఎంతసేపు ఉంటారు?
2. గోడను తాకే చేతులు ఎవరివి? చిన్నపిల్లలున్నారా?
3. ఇప్పటి గోడ మీద మరకలు ఎక్కడెక్కడ ఉన్నాయి? ఎంత ఎత్తులో?
4. నూనె పొగ, దీపం మసి హాల్లోకి వస్తాయా?
5. ఈ ఇంట్లో ఇంకెంత కాలం ఉంటారు?

మూడో ప్రశ్న అన్నిటికంటే విలువైనది. పాత మరకలే మీకు సరైన సలహాదారులు. మరకలన్నీ నడుము ఎత్తులోపే ఉన్నాయా? అయితే పిల్లలు తిరిగే ఆ గోడకు తట్టుకునే ఫినిష్ వేసి, మిగతా గోడలకు మీ ఇష్టం. సోఫా వెనకే ఉన్నాయా? ఆ ఒక్క గోడ గురించి గట్టిగా ఆలోచించండి.

అడుగు 2: గోడను రాత్రిపూట చూడండి

లైట్లన్నీ ఆపండి. ఫోన్ టార్చ్ వేయండి. దాన్ని గోడకు ఆనించి, వెలుతురు గోడ వెంట పాకేలా పట్టుకోండి. పగలు మీకు కనిపించని గతుకులు, పాత మేకుల రంధ్రాలు, లప్పం గీతలు అన్నీ నీడలతో సహా లేచి నిలబడతాయి.

గోడ సాఫీగా ఉందా? సిల్క్‌కు సిద్ధం. గతుకులు ఎక్కువగా ఉన్నాయా? మీ ముందు రెండే దారులు. లప్పం పెట్టించి, సాండ్ పేపర్‌తో రుద్దించి, ప్రైమర్ వేయించండి. లేదంటే మ్యాట్‌కు వెళ్లండి. గతుకుల గోడకు సిల్క్ వేస్తే లోపాలకు లైటు వేసి చూపించినట్టవుతుంది.

లోపాన్ని ముందే చూడగలగడం గొప్ప గుణం. కంగారు పడకండి. చూశారు కాబట్టే సరిచేయగలరు.

అడుగు 3: వెలుతురు ఎటు నుంచి వస్తుందో గుర్తించండి

కిటికీ పక్కనే ఉన్న గోడ మీద వెలుతురు ఏటవాలుగా పడుతుంది. అక్కడ మెరుపు పెరిగితే ప్రతి రోలర్ గీతా తెలుస్తుంది. టీవీకి ఎదురుగా ఉన్న గోడ మెరిస్తే, సాయంత్రం ఆ మెరుపే టీవీ తెరలో కనిపించి చికాకు పెడుతుంది. పడమటి కిటికీ ఉంటే కువైట్ మధ్యాహ్నపు ఎండ ఎంత తీక్షణమో మీకు తెలుసు, అక్కడా మెరుపు తగ్గించండి. సీలింగ్‌కు మాత్రం చర్చే అక్కర్లేదు. మ్యాట్ వేయండి. ఎవరి చెయ్యీ తగలదు, లైటు మెరుపూ కొట్టదు.

ఇంకో సంగతి. ఒకే రంగు మ్యాట్‌లో మెత్తగా, కాస్త తేలిగ్గా కనిపిస్తుంది. సిల్క్‌లో గాఢంగా కనిపిస్తుంది. అందుకే ముందు ఫినిష్ తేల్చమన్నాను. ఫినిష్ మారితే మీరు వారాల తరబడి ఎంచిన రంగు కూడా వేరేలా కనిపిస్తుంది.

అడుగు 4: మీ గోడ మీదే పరీక్షించండి

షేడ్ కార్డ్ మీద ఉన్న చిన్న ముక్కను చూసి హాలు మొత్తాన్ని నిర్ణయించవద్దు. దొరికినంతలో చిన్న డబ్బాలు రెండు తీసుకోండి. ఒకే రంగు, రెండు ఫినిష్‌లు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తులో పక్కపక్కనే రెండు ముక్కలు వేయించండి. రెండు కోట్లూ పడాలి.

పొద్దున చూడండి. మిట్టమధ్యాహ్నం చూడండి. రాత్రి లైట్లు వేసి చూడండి. సోఫాలో కూర్చుని చూడండి. మీరు రోజూ చూసేది అక్కడి నుంచే.

కనీసం ఒక వారం ఆరనివ్వండి. తర్వాత పరీక్ష పెట్టండి. ఒక పెన్సిల్ గీత, ఒక చుక్క టీ, వేలితో కాస్త కొబ్బరినూనె. పది నిమిషాలాగి మెత్తని తడిగుడ్డతో తుడవండి. మరక పోయిందా? తుడిచిన చోట మెరిసిందా? గుడ్డకు రంగు అంటిందా? ఈ మూడు జవాబులతో నిర్ణయం దాదాపు అయిపోయినట్టే. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది అభిప్రాయం కాదు, ఆధారం.

అడుగు 5: స్పష్టంగా చెప్పండి, రాసివ్వండి

నిర్ణయం తీసుకోవడం సగం పని. దాన్ని ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం మిగతా సగం.

పెయింటర్‌తో ఇలా మాట్లాడండి: "అన్నా, గోడలకు తుడిస్తే తట్టుకునే వాషబుల్ మ్యాట్. సీలింగ్‌కు మామూలు మ్యాట్. తలుపులకు సెమీ గ్లాసీ. ముందు గతుకులకు లప్పం, తర్వాత ప్రైమర్, ఆపైన రెండు కోట్లు. డబ్బా నా ముందే తెరవాలి." గొంతు పెంచక్కర్లేదు. మర్యాద తగ్గించక్కర్లేదు. పని తెలిసిన పెయింటర్ ఇలాంటి మాటను గౌరవిస్తాడు. అతని అనుభవాన్ని కూడా అడగండి. "ఈ గోడకు నువ్వయితే ఏం వేస్తావు, ఎందుకు?" అనండి. ఆ "ఎందుకు" మర్చిపోవద్దు. సలహా తీసుకోండి. నిర్ణయం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

అద్దె ఫ్లాట్ అయితే మొదలుపెట్టే ముందే ఓనర్‌కు ఒక మాట చెప్పండి. బిల్డింగ్ చూసుకునే హారిస్ ద్వారా అయినా సరే. ఏ రంగుకు ఒప్పుకున్నారో మెసేజ్‌లో తీసుకోండి. ఖాళీ చేసే రోజు మాట రాదు.

లెక్క వేసుకుని షాపుకు వెళ్లండి

షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్తే కళ్లు తిరిగేన్ని డబ్బాలు. 1926లో మొదలైన నార్వే కంపెనీ జోటన్, 1915 నాటి డెన్మార్క్ కంపెనీ హెంపెల్ పేర్లు గల్ఫ్‌లో అందరికీ తెలిసినవే. పేరు మంచిదే. కానీ ఒకే కంపెనీలో చవక రకమూ ఉంటుంది, ఖరీదైన రకమూ ఉంటుంది. కాబట్టి కంపెనీ పేరు దగ్గర ఆగకుండా డబ్బా మీద రకం పేరు, ఫినిష్ చదవండి.

ఎంత కావాలి? చిన్న లెక్క. హాలు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు అనుకోండి. చుట్టూ 18 మీటర్లు. దాన్ని 2.8తో గుణిస్తే సుమారు 50 చదరపు మీటర్లు. తలుపులు, కిటికీలకు 8 తీసేస్తే 42. రెండు కోట్లకు 84. సాఫీ గోడ మీద లీటరుకు ఒక కోటులో సుమారు 10 చదరపు మీటర్లు వస్తుందనుకుంటే 8 నుంచి 9 లీటర్లు సరిపోతుంది. కచ్చితమైన సంఖ్య డబ్బా మీద ఉంటుంది. చూసుకోండి.

మొత్తం ఒకేసారి, ఒకే బ్యాచ్ నంబరులో కొనండి. సగం పనిలో ఇంకో డబ్బా తెస్తే రంగులో పిసరంత తేడా వచ్చినా గోడ మీద తెలిసిపోతుంది.

నాలుగు ఆలోచనల్ని వదిలేయండి

*"మెరిస్తేనే రిచ్‌గా ఉంటుంది."* కువైట్ టవర్స్‌ను గుర్తు తెచ్చుకోండి. 1979లో జనానికి తెరిచిన ఆ టవర్ల గోళాల మీద నీలం, ఆకుపచ్చ, బూడిద రంగుల్లో దాదాపు 41,000 ఎనామిల్ ఉక్కు బిళ్లలున్నాయి. ఎండలో తళతళలాడతాయి. అక్కడ ఆ మెరుపు అద్భుతం. ఎందుకంటే అది ఆకాశంలో నిలబడ్డ గోళం, దూరం నుంచి చూడాల్సింది. మీ హాలు గోడ సోఫాకు అడుగు దూరంలో ఉంది. అక్కడ అదే మెరుపు అలసట. చోటును బట్టి మెరుపు. ఇది గుర్తుంటే చాలు.

*"పక్క ఫ్లాట్‌వాళ్లు అదే వేయించారు."* వాళ్లకు చిన్నపిల్లలు లేరేమో. వాళ్ల కిటికీ ఉత్తరం వైపేమో. వాళ్ల జీవితం వాళ్లది. చూడండి, అడగండి, నేర్చుకోండి. కాపీ కొట్టకండి.

*"అద్దె ఇల్లే కదా, ఏదో ఒకటి."* అద్దె ఇల్లయినా అందులో గడుస్తున్నవి మీ సొంత రోజులు. డ్యూటీ నుంచి వచ్చి మీరు చూసేది ఆ గోడనే. ఏళ్ల తరబడి ఉండే చోటును ఏదో ఒకటిగా వదిలేయకండి. ఖర్చు తగ్గించుకోవాలంటే ఒక్క గోడే సరిగ్గా వేయించండి.

*"తర్వాత చూద్దాం."* తేదీ లేని పని జరగదు. కువైట్‌లో పెయింట్‌కు నవంబర్ నుంచి మార్చి దాకా మంచి కాలం. కిటికీలు తెరుచుకోవచ్చు, వాసన పోతుంది, గోడలు వేడెక్కి ఉండవు. ఎండాకాలమే తప్పదంటే ముందు ఏసీ ఫిల్టర్లు కడిగించండి. దుమ్ము లేచిన రోజు పని ఆపండి. తడి పెయింట్ మీద పడ్డ ధూళి ఆ గోడతోనే ఉండిపోతుంది.

ఊళ్లో ఇల్లు కడుతున్నారా?

మీలో చాలామంది అసలు హాలు ఇక్కడ లేదు. రాజంపేటలో ఉంది. రాయచోటిలో ఉంది. కోనసీమలో ఉంది. ఏళ్ల కష్టం దినారు దినారుగా వెళ్లి అక్కడ గోడలై లేచింది. ఆ ఇంటి రంగులు మాత్రం వీడియో కాల్‌లో తేలిపోతున్నాయి.

"ఏమండీ, పెయింటర్ అడుగుతున్నాడు. మ్యాట్ వెయ్యమంటారా, సిల్క్ వెయ్యమంటారా?"

"నేను డ్యూటీలో ఉన్నా. బావను అడిగి ఏదో ఒకటి కానివ్వు."

ఇంకెప్పుడూ ఇలా అనకండి! దూరం ఉన్నంత మాత్రాన నిర్ణయం వదిలేయక్కర్లేదు. ఇలా చేయండి.

1. కాల్‌కు టైమ్ పెట్టండి. శుక్రవారం ఉదయం ఇక్కడ 8 గంటలంటే అక్కడ పదిన్నర. మంచి వెలుతురు. మీకూ తీరిక.
2. రెండు ముక్కలు వేయించండి. ఒకే రంగులో మ్యాట్, సిల్క్. ఫోన్‌ను గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి నడిపిస్తూ చూపించమనండి. మెరుపు అప్పుడే తెలుస్తుంది.
3. ఇంట్లో ఉండేవాళ్ల మాట ముందు వినండి. గోడ తుడిచేది మీ అమ్మగారో, మీ ఆవిడో. వాళ్ల చేతికి ఏది సులువో అడగండి. ఇది మీరు వాళ్లకిచ్చే గౌరవం.
4. డబ్బా ఫొటో తెప్పించుకోండి. రకం పేరు, ఫినిష్, బ్యాచ్ నంబరు కనిపించాలి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి నిబంధన అమల్లో ఉంది. ఊరూ పేరూ లేని చవక డబ్బా జోలికి పోవద్దు.
5. ముహూర్తం కోసం గోడను తొందరపెట్టవద్దు. గృహప్రవేశం తేదీ దగ్గరపడిందని పచ్చి గోడకు లప్పం, ఆపైన పెయింట్ లాగించేస్తారు. లోపలి తడి బయటికి వచ్చే దారి లేక గోడ ఉబ్బుతుంది. పెచ్చులూడతాయి. కొత్త ప్లాస్టరింగ్‌కు క్యూరింగ్, ఆరడం కలిపి కనీసం నాలుగు వారాలు ఇవ్వండి. అవసరమైతే ఒక ప్రైమర్ కోటుతో గృహప్రవేశం చేసుకుని, ఫైనల్ కోటు తర్వాత వేయించండి. శుభకార్యానికి ఏ లోటూ రాదు.

ఊరిని బట్టి ఫినిష్ కూడా మారుతుంది. రాయలసీమలో ఎండ, దుమ్ము ఎక్కువ. వీధివైపు తలుపు తీసి ఉండే హాలుకు తుడవగలిగే ఫినిష్ మేలు. కోనసీమలో చెమ్మ పెద్ద సమస్య. అక్కడ ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి మరమ్మతు చేయించాలి. ఏ ఫినిష్ అయినా చెమ్మకు మందు కాదు. పెయింట్‌తో దాన్ని కప్పేస్తే ఆ డబ్బు గోడ పాలే.

ఇదీ నా తీర్పు

కొలతలు, పరీక్షలు అన్నీ చెప్పాను. ఇప్పుడు సూటిగా చెబుతున్నాను.

- చిన్నపిల్లలున్న ఇల్లు, గోడ సాఫీగా ఉంది: తక్కువ మెరుపున్న సిల్క్ లేదా ఎగ్‌షెల్.
- చిన్నపిల్లలున్నారు, గోడ గతుకులుగా ఉంది: కాస్త ఖరీదైనా వాషబుల్ మ్యాట్.
- పెద్దవాళ్లే ఉంటారు, ప్రశాంతంగా కనిపించాలి: మ్యాట్.
- వంటింటికి తలుపు లేని హాలు: వంటింటి వైపు గోడకు సిల్క్, మిగతా వాటికి అదే రంగులో ఎగ్‌షెల్.
- నలుగురైదుగురు కలిసి ఉండే బ్యాచిలర్ ఫ్లాట్: మంచాలు ఆనే గోడలకు సిల్క్. తల నూనె మరక తుడిస్తే పోవాలి.
- కువైట్‌లో ఏ హాలుకైనా: లోతైన గాట్లుండే టెక్స్‌చర్ వద్దు. ధూళికి అది పుట్టిల్లు.

పెయింట్ అయిపోయాక అసలు అలవాటు మొదలవుతుంది

ఏ ఫినిష్ అయినా మీ అలవాట్లను బట్టే నిలుస్తుంది. ఈ నాలుగూ పాటించండి.

మొదటి నెల గోడను గట్టిగా రుద్దకండి. పైకి ఆరినట్టున్నా పొర లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది.

వారానికోసారి పొడిగా దులపండి. మెత్తటి పొడిగుడ్డ చాలు. పైనుంచి కిందికి. ఏసీ గ్రిల్ చుట్టూ తప్పనిసరిగా. ఆ తర్వాతే తడిగుడ్డ.

మరక పడ్డ రోజే తుడవండి. ఈరోజు రెండు నిమిషాల పని. వచ్చే నెలకు అది టచప్ పని.

మిగిలిన పెయింట్‌ను చిన్న సీసాలో పోసి గట్టిగా మూత పెట్టండి. రకం, ఫినిష్, రంగు కోడ్, తేదీ రాసి అంటించండి. రెండేళ్ల తర్వాత మీకు మీరే కృతజ్ఞత చెప్పుకుంటారు.

ఈ శుక్రవారమే!

చదివి ఊరుకోవద్దు. ఈ శుక్రవారం పొద్దున కాఫీ తాగి మూడు పనులు చేయండి. కాగితం మీద ఐదు జవాబులు రాయండి. రాత్రికి టార్చ్ వేసి గోడ చూడండి. ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఫినిష్ గురించి ఒక్క అరగంట మాట్లాడండి. మీ పిల్లలు కూడా చూస్తారు. అమ్మానాన్నలు ఒక విషయాన్ని ఎలా తెలుసుకున్నారో, ఎలా పరీక్షించారో, ఎలా ఒక మాట మీదకు వచ్చారో నేర్చుకుంటారు. ఏ స్కూల్లోనూ ఈ పాఠం దొరకదు.

రేపు పెయింటర్ వచ్చి "మ్యాటా, సిల్కా?" అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి. మీ ఇంటి గోడ గురించి మీకంటే బాగా తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. నిర్ణయం మీరే తీసుకోండి!